తల్లిచేప మీద పొర

ఆ ఎండాకాలమంతా నేను నంద్యాల పశువుల ఆసుపత్రిలో బర్రెల పొదుగులు పట్టి చూస్తూనే, ఆళ్లగడ్డలో ఒక చేప ఊపిరి ఎట్లా తీస్తున్నదో అని గుబులుపడుతూ గడిపాను. నా అరచేతిలో సగం కూడా లేని చేప అది. నారింజ రంగు ఒళ్లు, దాని మీద మూడు తెల్లటి పట్టీలు. నా భర్త డేవిడ్ దాన్ని ‘తల్లి’ అనేవాడు. దాని జోడు మగచేప ఇంకా చిన్నది. ఎప్పుడూ తల్లి తోక పట్టుకునే తిరిగేది.

నా ఉద్యోగం, అద్దె ఇల్లు నంద్యాలలో. డేవిడ్ ఆళ్లగడ్డలో వాళ్లమ్మ సుబ్బలక్ష్మి దగ్గర ఉండేవాడు. చెన్నైలో ఒక పెద్ద అక్వేరియంలో నీళ్లలోకి దిగి చేపలను చూసుకునే పని చేస్తూ ఎడమ చెవి వినికిడి పోగొట్టుకున్నాడు. చెవితో పాటే ఆ పనీ పోయింది. తిరిగొచ్చాక ఇంటి ముందు గదిలో పెద్ద అద్దాల తొట్టి పెట్టి, శుద్ధి చేసిన నీళ్లలో సముద్రపు ఉప్పు పొడి కలిపి, సముద్రం చేపలను పెంచడం మొదలుపెట్టాడు. నాలుగు దిక్కులా రాళ్లు, శనగ చేలు తప్ప ఏమీ లేని మా ఊళ్లో ఆ గదిలోకి అడుగు పెడితే ఉప్పుగాలి తగిలేది. వీధిలో శిల్పులు రాయి చెక్కుతుంటే ఆ దుమ్ము లోపలికి రాకుండా అత్త కిటికీలకు తడిబట్టలు కట్టేది.

మొదటిసారి తెచ్చిన చేపలన్నీ అంతకు ముందటి వానాకాలంలో చచ్చిపోయాయి. అప్పుడు డేవిడ్ ఎవరికీ చెప్పకుండా ఇంట్లోంచి వెళ్లిపోయాడు. శ్రీశైలం డ్యాం పక్కన సున్నిపెంటలో ఒక టీ అంగడి ముందు కూర్చుని ఉంటే మా చుట్టమొకాయన చూసి ఫోన్ చేశాడు. వెళ్లి తీసుకొచ్చాను. ఎందుకు వెళ్లావని నేను అడగలేదు. అతను చెప్పలేదు. అప్పటి నుంచి నాకు అత్తతో ఒక రహస్య భాష ఏర్పడింది. నంద్యాల నుంచి ఫోన్ చేసి, “అత్తా, చెప్పులు గడపలో ఉండాయా?” అని అడిగేదాన్ని. “ఉండాయిలే పాపా” అంటే ఆ పూటకు నాకు అన్నం సహించేది.

ఏప్రిల్ మొదట్లో తల్లి గుడ్లు పెట్టింది. డేవిడ్ గొంతులో ఆ సంతోషం పెళ్లయిన కొత్తల్లో విన్నదే. గుడ్లు పిగిలి, దారప్పోగుల్లాంటి పిల్లలు బయటికి వచ్చాయి. వాటిని వెనక గదిలో చిన్న తొట్టిలోకి మార్చాడు. వాటికి కంటికి సరిగ్గా ఆనని పురుగులను మేతగా పెంచుతూ, చర్చికి కూడా రాకుండా వాటి దగ్గరే ఉన్నాడు. ఇంకో జత ఉంటే బాగుంటుందని ఆ ఊపులోనే చెన్నై నుంచి రెండు నల్లచేపలు తెప్పించాడు.

ఈస్టర్ తర్వాతి ఆదివారం నేను వెళ్లేటప్పటికి ఆ నల్లచేపలు పెద్ద తొట్టిలో, తల్లి పక్కనే ఈదుతున్నాయి.

“వీటిని ఇడిగా పెట్టలేదా?” అన్నాను, అతని కుడి చెవి వైపు వంగి.

“యాడ పెట్టల్ల? చిన్న తొట్టిలో పిల్లలుండాయి గదా. చూసినాలే, బాగనే ఉండాయి.”

కొత్త చేప ఎంత బాగున్నా కొన్నాళ్లు విడిగా ఉంచి చూడాలని, అది ఒంటి మీద ఏం మోసుకొస్తుందో తెలీదని నాకు నేర్పింది అతనే. ఇద్దరికీ గుర్తొచ్చింది.

నల్లచేపల్లో ఒకటి ఉన్నట్టుండి పక్కకు ఒరిగి రాయికి ఒళ్లు రాసుకుంది.

“అదేందీ, గోక్కుంటాంది?”

“కొత్త చోటు. అలవాటు కావల్ల గదా” అన్నాడు. కానీ కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు. నేను సాయంత్రం బస్సుకు బయలుదేరేదాకా ఆ కుర్చీలోంచి లేవలేదు.

ఆ వారం మధ్యలో ఫోన్ చేసి, “తల్లి మేత ముట్టలా” అన్నాడు. అంతే. మిగతాది నేనే అడిగి రాబట్టాల్సి వచ్చింది. నల్లచేపలు నీటి పైకి వచ్చి నోరు తెరుస్తున్నాయి. మొప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి. ఒంటి మీద తెల్లగా ఏదో కనపడుతోంది. “తెల్లమచ్చ పురుగు. రాగి మందు మొదలుపెట్టినా.”

రాగి మందు సంగతి నాకు అతని వల్లే తెలుసు. నీళ్లలో తక్కువైతే పురుగు చావదు, ఎక్కువైతే చేప చస్తుంది. పెద్ద తొట్టిలో వేస్తే అందులోని రొయ్యలు, రాళ్లను పట్టుకుని బతికే సన్న జీవాలు అన్నీ పోతాయి. అందుకని చేపలన్నిటినీ ఒక ప్లాస్టిక్ టబ్బులోకి మార్చి అందులో మందు కలిపాడు. అంతా లెక్క ప్రకారమే చేశాడు. అయినా ఆ గొంతు నాకు నచ్చలేదు. ఆసుపత్రి నుంచి అటే బస్సెక్కాను.

టబ్బు మీదికి వంగి చూస్తే నాకు మచ్చలు కనపడలేదు. నల్లచేప ఒంటి మీద పలచని పొర. కాగి చల్లారిన పాల మీద మీగడ లాగా, అక్కడక్కడా చినిగి నీళ్లలో వేలాడుతోంది. తల్లి నారింజ రంగు మసకబారింది. ఒక పక్క తెల్లపట్టీ ఎక్కడ మొదలవుతున్నదో తెలియడం లేదు.

“డేవిడ్, ఇవి మచ్చలు కావు. పొర ఊడుతాంది.”

“మచ్చ ముదిరితే అట్లనే ఉంటాది.”

“ఒంటి జిగురు తీసి మైక్రోస్కోపులో చూస్తే తెలిసిపోతాది.”

“ఊపిరాడక సస్తాంటే బయటికి తీసి గీకుతావా? అది ఎనుము గాదు కరుణా, కట్టేసి సూది ఎయ్యనీకె.”

ఆ మాట నాకు గుచ్చుకుంది. గుచ్చుకోవడానికి కారణం అది నిజం కావడమే. మా చదువులో చేపల గురించి చెప్పింది కొంచెం. నాకు తెలిసిన పేలు, పిడుదులు, కడుపులో పాములు అన్నీ నాలుగు కాళ్ల జంతువులవి. అతను చేపల మధ్య బతికినవాడు. నేను తప్పయితే ఆ చేప నా చేతుల్లోనే పోతుంది. అప్పుడు అతనేమవుతాడు? గమ్మున ఊరుకున్నాను.

తెల్లారేసరికి నల్లచేపలు రెండూ టబ్బు అడుగున పడి ఉన్నాయి. డేవిడ్ వాటిని వల గరిటెతో తీసి అరుగు మీద పెట్టి, పక్కనే కూర్చున్నాడు.

“నా చేతుల్తోనే తెచ్చి ఏసినా” అన్నాడు.

అత్త కాఫీ తెచ్చి అతని ముందు పెట్టింది. అది చల్లారిపోయింది. వాడిన గిన్నెలు లోపలికి తీసుకుపోతూ, నాకు మాత్రమే వినపడేట్టు, “ఆ చెప్పులు నేను పెరట్లో దాచిపెట్టనా?” అంది. వద్దన్నాను. దాచితే అతనికి తెలిసిపోతుంది, మేము ఎందుకు భయపడుతున్నామో.

నంద్యాల బస్సులో కూర్చోగానే ప్రియదర్శినికి ఫోన్ చేశాను. ప్యాపిలి పిల్ల. ఇద్దరం ఒకే హాస్టల్లో ఉండి చదువుకున్నాం. తర్వాత తను చేపల జబ్బుల వైపు వెళ్లి నెల్లూరు దిక్కున రొయ్యల చెరువుల మధ్య స్థిరపడింది. చచ్చిన చేపలను మంచు డబ్బాలో పెట్టి పంపిస్తానన్నాను.

“పంపొద్దే. సచ్చిన ఒంటి మీద ఆ పురుగులు యాడుంటాయి? అది చల్లబడకముందే దిగి పోతాయి. బతికున్నదాని జిగురు కావల్ల. మొప్ప పక్క నుంచి తీయి, కాగితం మందాన. తీసి నాకు చూపించు.”

“బయటికి తీస్తే పోతాదేమో.”

“తీయకపోతే తప్పక పోతాది” అంది ప్రియదర్శిని. “రెండు సచ్చినాయంటున్నావు. మిగిలిన వాటికి ఇంక శానా టైం లేదు కరుణా.”

ఆసుపత్రిలో సెలవు చెప్పి, చదువుకునే రోజుల్లో కొనుక్కున్న నా మైక్రోస్కోపును దుప్పట్లో చుట్టి, పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని వచ్చిన దారినే వెనక్కి వెళ్లాను. శిరివెళ్ల దాటాక రోడ్డు మీద ఎండ అలలు అలలుగా లేస్తోంది. ఇంటికి చేరేలోగా తల్లి ప్రాణం పోతుందేమో అని ఒక భయం. పోయి ఉంటే డేవిడ్ ఇంట్లో ఉంటాడా అని ఇంకో భయం. రెండో దాన్ని తలుచుకోకుండా ఉండటానికి మొదటి దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

గడపలో చెప్పులున్నాయి. అతను టబ్బు ముందే ఉన్నాడు. నేను దుప్పటి విప్పగానే ముఖం తిప్పుకున్నాడు.

“వద్దంటి గదా.”

“ప్రియదర్శిని చూస్తాది. ఒక్క నిమిషం పని.”

“ఆ నిమిషంలోనే పోతాది.”

ఎంత చెప్పినా వినలేదు. చివరకు గుమ్మంలో నిలబడి ఉన్న అత్త కలగజేసుకుంది. “నాయనా, నాకు కడుపులో గడ్డ ఉండాదన్నప్పుడు కోసి చూస్తే గాని చెప్పలేనన్యాడు డాక్టరు. నేను వద్దని ఏడిస్తి. నువ్వేం జేసినావు? సంతకం పెట్టినావు. నేను ఈడ నిలబడుకోనుండా.”

డేవిడ్ లేచి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, అరచేతిని ఉప్పునీళ్లలో తడుపుకున్నాడు. “నేను పట్టుకుంటా. నువ్వు గీకు. తోక దిక్కు లాగల్ల, ఎదురు లాగొద్దు” అన్నాడు.

అతని చేతుల్లోకి వచ్చేసరికి తల్లి కొట్టుకోలేదు. తడి అరచేతిలో పక్కకు ఒరిగి కన్ను మా మీదే పెట్టి ఉంది. సన్నని అద్దపు ముక్క అంచుతో మొప్ప పక్క నుంచి తోక వైపు ఒక్కసారి నెమ్మదిగా లాగాను. వెంటనే అతను దాన్ని నీళ్లలోకి వదిలాడు. అద్దం మీద చీమిడి చుక్కంత జిగురు. దాని మీద అవే ఉప్పునీళ్లు ఒక బొట్టు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను.

మొదట ఏమీ లేదు. చర్మపు ముక్కలు, బుడగలు. తర్వాత ఏదో జారుకుంటూ చూపులోంచి దాటిపోయింది. వెనకే ఇంకొకటి. చిక్కుడు గింజ ఆకారం, అంచున సన్నని నూగు. అవి చర్మపు ముక్కల మధ్య, పేడలో తిరిగే పురుగుల్లా తొందర తొందరగా తోసుకుంటూ తిరుగుతున్నాయి. చూపు తిప్పిన చోటల్లా అవే. ఒక చుక్కలో ఇన్ని ఉంటే చేప మొప్పల్లో ఎన్ని ఉన్నాయో అనుకోగానే నాకే ఊపిరి సలపనట్టయింది.

ఫోను కెమెరాను కంటి గొట్టానికి ఆనించి తీసి పంపాను. ప్రియదర్శిని వెంటనే ఫోన్ చేసింది. డేవిడ్‌కు వినపడాలని పెద్దగా పెట్టాను.

“తెల్లమచ్చ పురుగైతే గుండ్రంగుంటాది, బొంగరం లెక్క ఒకే చోట తిరుగుతాంటాది. ఇది జారుతాంది చూడు. ఇది బ్రూక్లినెల్లా. సముద్రంలో పట్టిన ఇట్లాంటి చేపల్తోనే వస్తాది. మీ రాగి దీన్ని ఏమీ చెయ్యలేదు. ఫార్మలిన్ కలిపిన నీళ్లలో కాసేపు పెట్టి తీయల్ల. రాగి లేని కొత్త నీళ్లు చేసుకోండి. గాలి మాత్రం ఆగకూడదు. ఫార్మలిన్ నీళ్లలో గాలిని తినేస్తాది. ఈ పొద్దే చెయ్యండి, రేపనొద్దు.”

డేవిడ్ ఫోనునే చూస్తున్నాడు. “నేను తప్పు మందు ఏసినా” అన్నాడు.

“అందరూ ముందు అదే ఏస్తారు సామీ” అంది ప్రియదర్శిని. “నీళ్లు కలుపుకో పో, బేగా.”

అతను లేచి ఉప్పు సంచి విప్పాడు. ఆ ఒక్క పని చూసి నాకు కొంచెం నెమ్మదించింది.

ఊళ్లో దొరికిన ఫార్మలిన్ సీసా అడుగున తెల్లటి ముద్ద పేరుకుని ఉంది. ఆ తెల్లది చేపకు విషం. అది వాడలేం. మా ఆసుపత్రిలో లీలావతికి ఫోన్ చేస్తే, కొత్త సీసాను గుడ్డల్లో చుట్టి ఆళ్లగడ్డ బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపింది. ఆ బస్సు వచ్చేదాకా నేను బస్టాండులో నీడ వెంబడి జరుగుతూ నిలబడ్డాను. అత్తకు ఆయాసం కాబట్టి ఆ వాసన పడదని పక్కింటి జానకమ్మ దగ్గరికి పంపించాం. “చేపకు స్నానమా? మా ఎనుముకే లేదు” అని జానకమ్మ నవ్వి, అంతలోనే నా ముఖం చూసి ఆపేసి, “రాక్కా, మా ఇంట్లో ఫ్యాను కింద కూసో” అని అత్త చేయి పట్టుకుని తీసుకుపోయింది. అత్త వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. చేప పేరు చెప్పిందో కొడుకు పేరు చెప్పిందో నాకు వినపడలేదు.

ముక్కుకు గుడ్డలు కట్టుకుని, తలుపులు బార్లా తీసి, సిరంజితో మందు కొలిచి బకెట్లో కలిపాం. తల్లిని, మగచేపను అందులో వదిలాం. గాలి గొట్టంలోంచి బుడగలు గలగలా వస్తున్నాయి. నేను గడియారం చూస్తున్నాను, అతను మొప్పలు చూస్తున్నాడు. సగం సమయం కూడా కాలేదు. గలగల ఆగిపోయింది.

డేవిడ్ తల ఎత్తలేదు. అతని చెడిపోయిన చెవి గాలి కొట్టే మెషిను వైపు ఉంది.

“కరెంటు పోయింది!” అని అరిచాను.

ఇన్వర్టర్ పొద్దున కోతకే అయిపోయింది. ముందే తీసేస్తే పురుగు చావదు, ఉంచితే ఊపిరాడదు. మగచేప అప్పుడే పైకి వచ్చి నోరు తెరిచింది. డేవిడ్ స్నానాల గదిలోకి పరిగెత్తి రెండు మగ్గులు తెచ్చాడు. బకెట్లో నీళ్లు ముంచి, మూరెడు ఎత్తు నుంచి సన్నగా అందులోకే పోయసాగాడు. నేను రెండో పక్క కూర్చుని అదే మొదలుపెట్టాను. నీళ్లు పడ్డచోట నురగ లేచింది. చేపలు దాని కిందికి వచ్చి నిలబడ్డాయి. ముంచడం, పోయడం. కాసేపటికి ఇద్దరికీ ఒకే లయ కుదిరింది. బయట ఉలి చప్పుళ్లు కూడా ఆగిపోయాయి. శిల్పుల మిషన్లూ కరెంటువే కాబోలు.

“సున్నిపెంటకు ఏంటికి పోతివని నువ్వెప్పుడూ అడగలా” అన్నాడు.

“నువ్వే చెప్తావులే అనుకున్నా.”

మగ్గు ముంచాడు. పోశాడు. “డ్యాం కాడికి పోయినా. గోడ పట్టుకోని కిందికి చూస్తా నిలబడినా. శానాసేపు.” మళ్లీ ముంచాడు. “నీళ్లు శానా కిందికుండాయి. చూసినా, చూసినా. తర్వాత ఆకలైంది. పోయి బన్ను తిన్యా. తిన్యాక మల్ల ఆడికి పోబుద్ధి కాలా. ఇంటికీ రాబుద్ధి కాలా. ఆడ్నే కూసున్యా.”

నేను మగ్గు ఆపలేదు. ఆపితే ఏదో తెగిపోతుందనిపించింది. గుడ్డ చాటున నా ముక్కు కారుతోంది. ఫార్మలిన్‌కు కళ్లు ఎట్లాగూ మండుతున్నాయి.

“ఇప్పుడు?” అన్నాను.

“ఇప్పుడు చేయి పీకుతాంది” అన్నాడు. “నువ్వు ఆపొద్దు. ఇంకా టైముంది.”

సమయం అయ్యాక చేపలను కొత్త నీళ్లలోకి మార్చాం. తల్లి అడుగున ఒక మూల నిలబడింది. చాలాసేపటికి దాని మొప్పల వేగం తగ్గింది. కరెంటు వచ్చేసరికి డేవిడ్ గోడకు ఆనుకుని, చేతిలో మగ్గు పట్టుకునే నిద్రపోయి ఉన్నాడు.

ఆ వైద్యం ఇంకా కొన్నిసార్లు చేశాం. మగచేప తొందరగా కోలుకుంది. తల్లి ఒకరోజు మేత తినేది, రెండ్రోజులు తినేది కాదు. పొర పోయింది కానీ, పొర కింద చర్మం పుండ్లు పడింది. నేను రోజూ తిరగడం మొదలుపెట్టాను. పొద్దున నంద్యాల, సాయంత్రం ఆళ్లగడ్డ. తిండి సరిగా లేదు, నిద్ర అసలు లేదు. అతను కదిలితే మెలకువ, కదలకపోతే మెలకువ.

మే నెల చివర్లో ఒకరోజు పొద్దున ఆసుపత్రి నుంచి ఫోన్ చేస్తే అతను ఎత్తలేదు. కాసేపాగి చేస్తే స్విచ్ఛాఫ్ అని వచ్చింది. అత్త ఫోను మోగి మోగి ఆగిపోయింది. జానకమ్మకు చేశాను. ఆమె చేనికాడ ఉంది. “మీ అత్త పొద్దన్నే చర్చి ప్రార్థనకు పోయిండాది. మీ ఆయప్పను నేను చూడలా తల్లీ” అంది.

మళ్లీ గ్లవ్స్ తొడుక్కున్నాను కానీ పని సాగలేదు. గొర్రెను పట్టుకుని నిలబడిన రైతును లీలావతికి అప్పజెప్పి బస్టాండుకు నడిచాను. నడిచానో పరిగెత్తానో తెలీదు. బస్సులో కూర్చున్నాక చేతికి గ్లవ్స్ ఉన్నాయని చూసుకున్నాను, తీయాలని తోచలేదు. శిరివెళ్లలో గొర్రెల మంద అడ్డమొచ్చి బస్సు ఆగింది. అవి ఎంతకీ తరగలేదు. పక్క సీటు ఆమె, “ఏమ్మా, ఒంట్లో బాగలేదా?” అని నీళ్ల బాటిలు ఇచ్చింది. పట్టుకున్నాను కానీ తాగడం గుర్తులేదు.

ఇంటి తలుపు తీసే ఉంది. గడపలో చెప్పులు లేవు. టబ్బు ఖాళీగా, బోర్లించి ఉంది. మగచేప బకెట్లో ఉంది. తల్లి లేదు. వెనక గది, పెరడు, స్నానాల గది అన్నీ చూశాను. పిలిచాను. మళ్లీ ముందు గదిలోకి వచ్చి ఆ టబ్బు పక్కనే కూలబడ్డాను. సున్నిపెంటలో ఆ చుట్టానికి ఫోన్ చేయాలి అనుకున్నాను. వేళ్లకు గ్లవ్స్ ఉండటంతో ఫోను పలకడం లేదు. అవి పళ్లతో పట్టి పీకుతున్నాను.

వీధిలో మోపెడ్ ఆగింది. డేవిడ్ రెండు నీళ్ల క్యాన్లు మోసుకుంటూ లోపలికి వచ్చాడు. నన్ను చూసి ఆగాడు.

“ఈ టైంలో వచ్చినావేంది?”

నా చేతి నుంచి సగం ఊడి వేలాడుతున్న గ్లవ్ చూశాడు. గడప వైపు చూశాడు. క్యాన్లు కింద పెట్టి వచ్చి నా ముందు కూర్చున్నాడు. ఆ గ్లవ్ వేలు వేలుకూ లాగి తీసేశాడు.

“ఫోను టబ్బులో పడిపోయింది” అన్నాడు. “తల్లి పొద్దన్నే పోయింది. దాన్ని తీసేటప్పుడే పడింది. జామచెట్టు మొదట్లో పూడ్చినా. టబ్బు కడిగినా. మల్ల నీళ్లు కావల్ల గదా, తెచ్చుకుందామని పోయింటి.”

అతని గొంతు మామూలుగానే ఉంది. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. నేను అతని భుజం మీద తల పెట్టి ఏడ్చాను. తల్లిచేప కోసం ఏడుస్తున్నానని అతను అనుకుని ఉండడు. నా వీపు మీద తడుతూ ఉండిపోయాడు. అత్త ప్రార్థన నుంచి వచ్చి, గుమ్మంలోంచి ఇద్దరినీ చూసి, ఏమీ అడక్కుండా వంటింట్లోకి వెళ్లి కాఫీకి పాలు పెట్టింది.

కాఫీ తాగాక వెనక గదిలోకి రమ్మన్నాడు. చిన్న తొట్టిలో పిల్లలు చాలా వరకు పోగా మిగిలినవి మూలగా గుంపు కట్టి ఉన్నాయి. దారప్పోగులు ఇప్పుడు బియ్యపుగింజలంత అయ్యాయి. టార్చి వేసి ఒక దాన్ని చూపించాడు. దాని తల వెనక, ఉందా లేదా అన్నట్టు, తెల్లటి గీత.

“పట్టీ వచ్చింది” అన్నాడు. “కానీ ఈ ఇంట్లో వీటిని పెట్టలేను కరుణా. పెద్ద తొట్టిలో పురుగు ఇంకా ఉంటాది. చేపలేవీ లేకుండా శాన్నాళ్లు ఉత్తగా ఉంచితే గాని అది చావదు. నా చేతి తడి ఒక్క చుక్క ఇందులో పడితే ఇవీ పోతాయి. నంద్యాలలో నీ ముందు గది ఖాళీగా ఉండాది గదా.”

నంద్యాలకు రమ్మని నేను అడగడం మానేసి ఏడాది దాటింది. ఆ గదిలో ఇస్త్రీ బల్ల ఉందని మాత్రం చెప్పాను.

“దాన్ని మంచం కింద పెడ్దాం” అన్నాడు.

“మరి అత్త?”

“నేనూ వస్తా” అంది అత్త గుమ్మంలోంచి. “ఈ ఉత్త నీళ్లకు కాపలా నేనేంటికుండల్ల? జానకమ్మ చూస్తాది.” తర్వాత పెద్ద తొట్టి నీళ్లు చూడటానికి డేవిడే వారం వారం వస్తాడని తేలింది. అత్త మాత్రం తన సంచి ఆ రోజే సర్దుకుంది.

తొలి వాన పడి ఎండ తగ్గాక బయలుదేరాం. ముందు రోజే నంద్యాలలో నీళ్లు కలిపి సిద్ధం చేసి ఉంచాడు. మూత ఉన్న ఒక బకెట్లో పిల్లలు, ఇంకో డబ్బాలో మగచేప. బ్యాటరీతో ఆడే చిన్న గాలి మెషిను డేవిడ్ చొక్కా జేబులో గుయ్యిమంటోంది. అత్త ముందు సీట్లో కూర్చుంది. నేను కిటికీ పక్క, డేవిడ్ ఇవతల వైపు, బకెట్ అతని మోకాళ్ల మధ్య.

కండక్టర్ టికెట్లు కొడుతూ వచ్చి ఆగాడు. “ఏందప్పా బకెట్లో?”

“చేపపిల్లలు. సముద్రానివి.”

“సముద్రానివా? ఆళ్లగడ్డ నుంచా?”

డేవిడ్ కుడి చెవి అతని వైపు తిప్పి మూత కొంచెం తెరిచాడు. చుట్టుపక్కల సీట్లలో వాళ్లు మెడలు సాచారు. గుడ్ల నుంచి మొదలుపెట్టాడు. మగచేప గుడ్లకు రెక్కలతో ఎట్లా విసురుతుందో, పిల్లలకు మేత ఎట్లా పెంచాలో, తల్లి పోయింది కాబట్టి ఇంక ఈ మగచేపే కొన్నాళ్లకు ఆడచేప అవుతుందని చెప్పాడు. “ఊరుకో అన్నా!” అని కండక్టర్ పక్క సీటు చేతి మీద కూర్చుండిపోయాడు. వెనక ఎవరో టికెట్ అని పిలుస్తున్నా లేవలేదు. ఏ జబ్బు వచ్చిందని ఒకాయన అడిగాడు. డేవిడ్ జబ్బు పేరు చెప్పి, తను ముందు తప్పు మందు వేశానని, తర్వాత తన భార్య కనిపెట్టిందని చెప్పాడు. ఆ మాటలు అక్కడి దాకా విన్నాను. తర్వాత మాటలు మాటలుగా కాకుండా ఉత్త గొంతుగా వినపడ్డాయి. తడిసిన చేల మీదుగా చల్లగాలి కిటికీలోంచి కొడుతోంది.

బస్సు కుదుపుకు కళ్లు తెరిస్తే నంద్యాల బస్టాండు. జనం దిగిపోతున్నారు. నా పక్క సీటు ఖాళీగా ఉంది. బకెట్ లేదు. ముందు సీట్లో అత్త కూడా లేదు. లేవబోయి ముందు సీటు కమ్మీకి మోకాలు కొట్టుకున్నాను.

“కరుణా!” కింద నుంచి, కిటికీకి ఆనుకుని డేవిడ్. రెండు చేతుల్లో బకెట్, చంకలో డబ్బా. వెనకాల అత్త ఆటోవాడితో బేరమాడుతోంది. “శిరివెళ్ల కాడ్నుంచి నిద్రపోతాండావని లేపలా. దిగింక. నీళ్లు వేడెక్కుతాండాయి.”